కొండమీది మొక్కు

ఆ చర్చిలో తనెవరో ఎవరికీ తెలియదు. అందుకేనేమో అక్కడ ఫ్యాన్ల చప్పుడు కూడా బాగుంటుంది. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా వినపడదు, ఎవరూ ఎవరినీ పూర్తిగా అడగరు. మనిషికి కావలసింది దేవుడా, లేక తనెవరో తెలియని నలుగురి మధ్య కాసేపు కూర్చోగల చోటా? రెండూ ఒకటే కావచ్చు. కాకపోవచ్చు. శుక్రవారం పొద్దున్నే పూజకు బయల్దేరుతూ, తలకు తెల్లబట్ట చుట్టుకుంటూ, యూస్తీనా ఇలా ఆలోచిస్తోంది.

ఆ చర్చి ఒకప్పుడు తివాచీలు నేసే షెడ్డు. కైరో చివర, ఇటుక మేడలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుండే పేటలో ఉంది. మిన్యా దగ్గరి ఊరు వదిలి వచ్చిన కొత్తలో, రెండు గదుల ఇంట్లో అత్తగారి ఊపిరి వినలేక వీధులంట తిరుగుతూ ఒకరోజు అందులోకి దూరింది. పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ నివీన్, పూజ అయ్యాక పంచిన రొట్టెలో సగం తుంచి చేతిలో పెట్టింది. "తిను తల్లీ, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు," అంది. పిల్లలున్నారా అని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడం కోసమే యూస్తీనా మళ్ళీ వెళ్ళింది. తర్వాత ఏ శుక్రవారమూ మానలేదు.

"ఏంటమ్మా, టీ చల్లారిపోయింది," అన్నాడు భర్త వగీహ్, తల్లితో. శుక్రవారం ఊరంతటికీ సెలవే. టైల్స్ పని లేకపోవడంతో అతను కాళ్ళు చాపుకుని బీన్స్ కూరలో రొట్టె ముంచుకుంటున్నాడు. "నువ్వు టీ ముట్టలేదంటే నైలు వెనక్కి పారుతున్నట్టే!"

"నైలు సంగతి నీకెందుకు? నోట్లో ముద్ద మింగి మాట్లాడు," అంది అత్తగారు తఫీదా.

యూస్తీనా చేతులు ఆగిపోయాయి. అత్తగారు చాప మీద గోడకానుకుని కూర్చుంది. ఒంటి మీద రోజూ వేసుకునే నల్లగౌను కాదు, పెట్టెలోని వెల్వెట్ గౌను. కళ్ళు తెరవకముందే టీ అడిగే మనిషి, గ్లాసు వంక కూడా చూడటంలేదు. పూజకు వెళ్ళేవాళ్ళే అలా పొద్దున మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటారు. ఊరు వదిలాక తఫీదా చర్చి గడప తొక్కలేదు. పూజంతా టీవీలోనే చూసేది.

"ఎక్కడికి, అత్తయ్యా?"

"నువ్వెళ్ళే చోటికే."

"వద్దు."

"దేవుడిల్లు నీ పేర రాసిచ్చారటే?"

"ఇంకే చర్చికైనా వెళ్ళు. ఈ పేటలో చర్చిలకేం కరువు? అది ఒక్కటీ నాకు వదిలెయ్."

వగీహ్ రొట్టె కింద పెట్టేశాడు. ఈ ఇంట్లో ఆ విషయం ఎత్తకుండానే దాని చుట్టూ తిరగడం అతనికి అలవాటు. గది మధ్యలో గుంట ఉన్నట్టు, ముగ్గురూ అంచుల వెంట నడుస్తారు.

వరసగా కడుపులు పోయాక పుట్టిన పిల్ల సూసన్నా. ఈ కాన్పు నిలిస్తే, కొండమీది మరియమ్మ మఠంలో తిరునాళ్ళనాడు బిడ్డకు బాప్తిస్మం ఇప్పిస్తానని తఫీదా మొక్కుకుంది. ఆడపిల్లకు ఎనభై రోజులు నిండితే బాప్తిస్మం ఇవ్వొచ్చు. నిండాయి. తిరునాళ్ళు ఇంకా రాలేదు. ఈలోగా జ్వరం వచ్చింది. ఊళ్ళో పూజ చేసే అబూనా ఇల్లు పిలుపు దూరం. కబురు పెడితే చెప్పుల్లేకుండానైనా వచ్చి నీళ్ళలో ముంచేవాడు. "మొక్కు తప్పితే తల్లి ఊరుకోదు. ఆవిడ పిల్లని ఆవిడే చూసుకుంటుందిలే," అంది తఫీదా. ఆసుపత్రి దారిలో, ఆటోలో, పాప యూస్తీనా ఒళ్ళోనే బరువెక్కింది. బాప్తిస్మం లేని బిడ్డని చర్చిలోకి తీసుకెళ్ళకుండానే పాతిపెట్టారు. అలాంటి పిల్లలకు పరలోకంలో వెలుగుండదని, ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్ళే తలుపు దగ్గర చెప్పుకున్నారు.

"అక్కడికొచ్చి ఏం చేస్తావు?" యూస్తీనా గొంతు పైకి లేచింది. "పక్కవాళ్ళకి కథంతా చెప్తావు. వాళ్ళు నాలిక చప్పరిస్తారు. మళ్ళీ నేను ఆ పిల్ల తల్లినైపోతాను. ఆ తెలియని మొహాల మధ్యనే నాకు ఊపిరాడుతోంది. అదీ లాక్కుంటావా? మరియమ్మ చూసుకుంటుందన్నావుగా. చూసుకుందా?"

"యూస్తీనా, చాలు," అన్నాడు వగీహ్.

"నువ్వు మాట్లాడకు. చాలు అనడం ఒక్కటే వచ్చు నీకు."

"దాన్ని అననీరా," అంది తఫీదా. "ఇన్నాళ్ళూ గిన్నెలతో అంది. ఇప్పుడు నోటితో అంటోంది. ఇదే నయం."

కింద వీధిలో గ్యాస్ బండలవాడు రెంచీతో సిలిండరు కొట్టుకుంటూ పోయాడు.

"నువ్వు కూరల బజారుకెళ్ళినప్పుడల్లా నేనూ వెళ్ళాను అక్కడికి," అంది తఫీదా. "లోపలికి కాదులే. గోడవతల నిలబడేదాన్ని. ఒకరోజు అక్కడి అబూనా బఖూమ్ చూసి పిలిచాడు. అడిగేశాను. నా మనవరాలు ఇప్పుడెక్కడుందని."

యూస్తీనా అడగకూడదనుకుంది. "ఏమన్నాడు?"

"తెలియదమ్మా అన్నాడు. అంత గడ్డం పెట్టుకుని, తెలియదన్నాడు! పైగా ఏడ్చాడు. నేనే ఊరుకోబెట్టాల్సొచ్చింది." ఆమె మోకాలి మీద గౌను మడత సర్దుకుంది. "ఊళ్ళో అందరికీ తెలుసు అదెక్కడుందో. టీవీలో మాట్లాడేవాళ్ళకీ తెలుసు. తెలియదన్నవాడు ఈయనొక్కడే. అలాంటి చోట కూర్చోవాలనుందే నాకు."

"సత్ప్రసాదం తీసుకుంటావా? ఆ నోటితో?"

"తీసుకోను. ఖాళీ నోటితో వెళ్ళాలనిపించింది, అంతే. నన్ను నువ్వు ఎరగనట్టే ఉండు. వెనకాల తలుపు దగ్గర నిలబడతాను. నీ పేరెత్తను."

యూస్తీనా మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెనక చెప్పుల ఈడ్పు వినిపిస్తూనే ఉంది. ఆమె వేగం పెంచింది. ఆ చప్పుడు ఆగలేదు, దగ్గరకూ రాలేదు.

చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సాంబ్రాణి పొగ రేకుల కప్పు దాకా లేచి అక్కడే చిక్కుకుంది. యూస్తీనా ఆడవాళ్ళ వరసల్లో చివరి బల్ల మీద కూర్చుంది. ఎప్పటిలా ఆ రొదలో కరిగిపోదామని చూసింది. కానీ వీపు మీద ఏదో ఆనినట్టే ఉంది.

నివీన్ మోచేత్తో పొడిచింది. "వెనక తలుపు దగ్గరున్న ముసలావిడ ఎవరు? వచ్చినప్పట్నుంచీ గోడకేసే చూస్తోంది. మీ వీధి మనిషా?"

"ఎరగను," అంది యూస్తీనా.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఇంత తేలిగ్గా పెగిలే నోరు ఆ రోజు ఎందుకు పెగలలేదు? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరో పట్టుకుని ఆపినట్టు ఆగింది. ఇప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ జ్వరం రోజు వగీహ్ గుమ్మంలో నిలబడి, "అబూనాని పిలుచుకురానా?" అన్నాడు. తల్లి వంక చూసి అనలేదు. తన వంక చూసి అన్నాడు. మేకుకి తెల్ల శాటిన్ గౌను వేలాడుతోంది. చేతుల మీద వెండి జరీతో శిలువలు కుట్టించింది తనే. కొండమీద, జనంలో, ఆ గౌనుతో పాపనెత్తుకుని ఫోటో దిగాలని ఎన్నిసార్లు ఊహించుకుందో. తను ఆ గౌను వంక చూసింది. అత్తగారు మాట్లాడింది. తను ఊరుకుంది.

అంటే ఇన్నాళ్ళూ తను తప్పించుకుంటున్నది ఊరి ఆడవాళ్ళ నుంచి కాదు, అత్తగారి నుంచీ కాదు. అందరికీ తెలిసిన సంగతికి భయపడలేదు. ఎవరికీ తెలియనిదొకటి ఉంది. దాన్ని తఫీదా మీద పెట్టి మోయించింది. ముసలిది కాదనకుండా మోసింది. ఆమెకు తెలుసా? తెలిసే మోసిందా? యూస్తీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఊరటనిచ్చే నీళ్ళు కావు. పాప రాదు. ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఏడిస్తే తేలికయ్యేది ఇందులో ఏమీ లేదు.

బలిపీఠం పక్కనుంచి, పూజలో అబూనాకి సాయంగా ఉండే డీకన్ గొంతెత్తాడు. ఒకరినొకరు పవిత్రమైన ముద్దుతో పలకరించుకోమన్నాడు. బల్లల వెంట గౌన్ల గరగర. జనం ఇటూ అటూ తిరిగి, పక్కవాళ్ళ అరచేతుల మధ్య తమ అరచేతులుంచి, ఆ వేళ్ళని పెదాలకు తాకించుకుంటున్నారు. మనసులో ఎవరి మీదైనా పగ ఉంటే ఇక ముందుకు రావద్దని ఈ పలకరింపుకు అర్థం. నివీన్ మెత్తటి చేతులు యూస్తీనా చేతుల్ని తాకి వెళ్ళాయి.

యూస్తీనా వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర తఫీదాకు అటూ ఇటూ ఎవరూ లేరు. వెల్వెట్ గౌను ముందు ఆమె రెండు చేతులూ సగం లేచి, ఎవరివైపు చాచాలో తెలియక అలాగే ఆగి ఉన్నాయి. కోడలు చూస్తోందని గమనించి, మాట తప్పకూడదన్నట్టు, తల పక్కకు తిప్పేసుకుంది.

నివీన్ చూస్తోంది. బల్ల మీది మిగతా ఆడవాళ్ళూ చూస్తున్నారు. యూస్తీనా లేచి, బల్ల దాటి తలుపు దగ్గరకు వెళ్ళి, ఆ రెండు చేతుల మధ్య తన చేతులు పెట్టింది.