ఆరని చుక్కలు

"నాలుగింటికి జ్వరాల వార్డులో నలభైమందికి ఇంజెక్షన్లు. ఆ మందులో విదేశీ ముఠా విషం కలిపిందని అనుమానం. విషమైతే ఆపాలి. మంచిదైతే ఆపకూడదు, వాళ్లకు మరో మందు లేదు," అన్నాడు చీఫ్.

మైక్రోస్కోప్ మెకానిక్ వేషంలో ఏజెంట్ పదకొండు లాబ్‌కు చేరేసరికి మూడున్నర దాటింది. అక్కడ పరీక్ష చేసేది అతని మాజీ భార్య. కోడ్ నేమ్ నారింజ. డబుల్ ఏజెంట్. ఏ పక్షమో ఆమెకే తెలియదని ఆఫీసులో జోకు. ఇవాళ ఆమె వెనకే తెల్లకోటులో ముఠా మనిషి నిలబడ్డాడు. కోటు జేబు బరువుగా వేలాడుతోంది.

"లెన్సు మసకబారిందట," కోడ్ మాట చెప్పాడు పదకొండు.

"తుడిస్తే పోతుంది. మీరే చూడండి మెకానిక్ గారూ."

బతికున్న కణాల్లో చిన్న చిన్న ఆమ్లపు సంచులుంటాయి. పరీక్షకు వేసే రంగు వాటిలో చేరి, దీపం వేస్తే ఎర్రగా వెలుగుతుంది. ఈ విషం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇక రంగు నిలవదు, చీకటే. మందు పోసిన డిష్ ఇదేనంది ఆమె. అందులో చుక్కలు నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి.

మందు మంచిదే. ఊపిరి పీల్చుకున్నాడు. అయినా కన్ను తీయలేదు. నిమిషం గడిచింది, మరో రెండు గడిచాయి. చుక్కలు అలాగే ఉన్నాయి.

పెళ్లయిన కొత్తలో ఇలాగే చూస్తుంటే ఆమె అతని తల పక్కకు నెట్టేది. "అలా గుచ్చి గుచ్చి చూడకయ్యా. బతికున్నవాటిలో రంగు చూసేకొద్దీ ఆరిపోతుంది."

ఇవి ఆరడం లేదు. ఇవి కణాలు కావు, మెకానిక్కులు మైక్రోస్కోపు సరిచూసుకునే ప్లాస్టిక్ పూసలు. వెనక తుపాకీ ఉండగా ఆమె చెప్పగలిగింది ఇంతే.

స్క్రూడ్రైవర్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. మూడు నొక్కులంటే మందు ఆపమని. ఆపితే ముఠాకు తెలిసిపోతుంది. పరీక్ష కాగానే ఆమెను తీసుకెళ్లడానికి వాళ్ల కారు కింద ఆగి ఉంది, అప్పటికి ఆమె అందులో ఉంటుంది. ఇప్పుడు లేస్తే మొదటి గుండు ఆమెకే.

నాలుగుకు నిమిషం తక్కువ. మూడుసార్లు నొక్కాడు.

"లెన్సు బాగానే ఉందమ్మా."

"వెళ్లొస్తానండీ," అంది ఆమె. విడాకుల రోజు కూడా అదే మాట అంది. ముఠా మనిషి ఆమె మోచేయి పట్టుకుని తీసుకెళ్లాడు. కింద కారు తలుపు మూసుకుంది. అతను స్టూలు మీదే కూర్చుండిపోయాడు.

సొరుగులో రేకు చుట్టి ఆమె దాచిన అసలు డిష్‌లు రెండు దొరికాయి. లెన్సు కింద మందు పోసినదంతా చీకటి. పోయనిది వెలుగుతోంది. చూడకూడదని తెలిసీ దాన్నే చూస్తూ ఉన్నాడు.

ఫోన్ మోగింది. వార్డులో సూదులు చేతుల దాకా వచ్చి ఆగాయట. కారు జాడ మాత్రం తెలియలేదట. అతను రెండు డిష్‌ల సంగతి చెప్పాడు.

"వెలుగుతున్నదాని ఫోటో తీశావా?" అడిగాడు చీఫ్.

"లేదు సార్. కాస్త ఎక్కువసేపు చూశాను."