చెవిటివాడి ముందు

"కోడ్ చెప్తున్నా, విను," అన్నాడు ఫోన్లో చీఫ్. "నువ్వు 'చెవిటివాడి ముందు' అంటావు. దానికి మన మనిషి..."

"'శంఖం' అంటాడు. పసిపిల్లాడికైనా తెలుసు సార్!" విసుగ్గా ఫోన్ పెట్టేశాడు ఏజెంట్ ముంగిస.

ముంగిస వెళ్లాల్సిన ఆసుపత్రి ల్యాబ్‌లో అల్ట్రాసౌండ్ తరంగాలతో బతికున్న గుండె కణాలను జెల్‌లో వరసలుగా పేర్చి, గుండెకు అతుకు తయారుచేస్తారు. జెల్ గట్టిపడేలోపు శబ్దం ఆగితే వరసలన్నీ చెదిరిపోతాయి. ఇవాళ్టి అతుకు ముంగిస మేనకోడలికి. ఫార్ములా కాజేసి అతుకు పాడుచేయడానికి విదేశీ ముఠా ఒకరిని లోపలికి పంపింది. ఎవరో తెలియదు.

ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లి, మొదట ఎదురైన ముసలి టెక్నీషియన్‌తో మెల్లగా కోడ్ అన్నాడు.

"వీణ," అన్నాడాయన.

సామెత కూడా సరిగ్గా రాదు! వీడే ముఠా మనిషి. ముంగిస ఆయన్ని స్టోర్‌రూంలోకి తోసి తాళం వేశాడు. లోపల్నుంచి "వీణ! వీణ!" అని ఒకటే అరుపులు.

మిషన్ దగ్గర సెంటు ఘుమఘుమలతో లేడీ సైంటిస్టు నిలబడి ఉంది. ఆమెతోనూ కోడ్ అన్నాడు.

"శంఖం," అని నవ్విందామె. "ఇక్కడ నేను చూసుకుంటా. మీరు బయట కాపలా ఉండండి."

హమ్మయ్య అనుకుని బయటికొచ్చాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, కట్ చేస్తూనే ఉన్నాడు. ఈ చీఫ్ ఒకడు, చెవిలో జోరీగ!

అక్క పరుగున వచ్చింది. "ఏరా, ఇంకా ఎంతసేపు? పాపని థియేటర్‌లోకి తీసుకెళ్లిపోయార్రా!"

అంతలో మళ్లీ మోగిన ఫోన్‌ని చిరాకుతో ఎత్తాడు.

"దద్దమ్మా, జవాబు వీణ! శంఖమని దారిన పోయే ప్రతివాడూ అంటాడు. అందుకే మార్చాం. చెప్పేలోపే పెట్టేశావు!"

ముంగిస తలుపు తన్ని లోపలికి దూకాడు. ఫార్ములా అప్పటికే ఆమె పెన్‌డ్రైవ్‌లోకి చేరింది. ఆమె వేలు శబ్దం ఆపే స్విచ్ మీద ఉంది. మత్తుసూది పెన్ను తీసి నొక్కాడు. సూది రాలేదు, ఇంకు చిమ్మింది. వెధవ గాడ్జెట్!

ఆ ఇంకు సరాసరి ఆమె కళ్లల్లో పడింది. స్విచ్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. బేడీలు పడ్డాయి. స్క్రీన్ మీద కణాల వరసలు చెక్కుచెదరలేదు. కాసేపటికి జెల్ గట్టిపడింది. నర్సు అతుకును థియేటర్‌కు పట్టుకెళ్తుంటే ముంగిసకు ఏడుపొచ్చినంత పనైంది.

స్టోర్‌రూం తాళం తీశాడు. "క్షమించండి బాబాయ్!"

టెక్నీషియన్ బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "అతుకు?"

"భద్రంగా వెళ్లింది."

"సరే," అన్నాడాయన గొంతు సవరించుకుంటూ. "ఆ కోడ్‌లో చెవిటివాడెవరో మాత్రం ఇప్పుడర్థమైంది బాబూ."