పదమూడో వరుస దగ్గర అరమూర

లోకేశ్వరి కనకాంబరాలు కడుతోంది. ఎదురుగా కంప్యూటర్ మెల్లగా లేస్తోంది. తిరుచానూరులో వాళ్ల ఇంటికీ, వాళ్లు నడిపే లాడ్జికీ ముందుగది ఒకటే. రెండువేల ఏడులో ఆమె ప్రతి పొద్దూ అక్కడే మొదలయ్యేది. లోపల ఒక్కో భాగం లేచేకొద్దీ నల్లటి తెరమీద ఒక్కొక్క వరుసే పడేది. అది పూర్తిగా లేచేసరికి రెండు మూరల దండ అయ్యేది. ఇప్పటి యంత్రాలు వేలు తీసేలోపే లేస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో ఎదురుచూపుకు కూడా తీరిక ఉండేది.

దాన్ని బాగుచేయడానికి తిరుపతి నుంచి వచ్చిన భానుచందర్ మొదటిరోజే విసుక్కున్నాడు.

"ఆన్ అయ్యేదానికి ఎంతసేపు పడతాదండీ?"

"రెండు మూరలు."

"నిమిషాల్లో చెప్పండి."

"నేను గడియారం చూడను. పదమూడో వరుస కాడ అరమూర నిలబడిపోతాది. రాసిపెట్టినాను, చూసుకోండి."

కాగితం చూసి అతను నవ్వబోయి ఆగిపోయాడు. నిజమే. పదమూడో వరుస ఎప్పుడో తీసేసిన ప్రింటర్ కోసం కాచుకుని ఉంది. దాని వెనకున్నవన్నీ ఊరికే నిలబడ్డాయి.

ప్రింటర్ వరుస ఆరోజే తీసేశాడు. అయినా ఆరునెలలపాటు వారం వారం వచ్చి, బాగున్న కంప్యూటర్‌నే మళ్లీ బాగుచేశాడు.

ఒక బుధవారం అతను ఎప్పటిలా నవ్వుతూ రాలేదు.

"శుక్రవారం మా అమ్మ కలికిరిలో నాకు పిల్లను చూసేదానికి పోతా ఉండాది. మీ నాయన్ను అడిగేదా?"

"అక్క పెండ్లి కాకుండా నా మాట ఎత్తనీడు."

అక్క ప్రశాంతి ఆస్పత్రిలో నర్సు. వచ్చిన సంబంధాలన్నీ వద్దంటోంది.

అప్పుడే తండ్రి పరంధామయ్య లోపలికి వచ్చాడు. "ఈసారి ఏం చేసినావప్పా?"

"కొత్త పద్ధతి ఎక్కించినాను సార్. ఇంతకుముందు ఒకటి లేచినాకే ఇంకోటి లేచేది. ఇప్పుడు దేనికి కావాల్సింది దానికి దొరికితే చాలు, లేస్తాది."

మీట నొక్కాడు. వరుసలు గుంపుగా వచ్చి పడ్డాయి. లోకేశ్వరి దారానికి నాలుగు పూలైనా ఎక్కలేదు.

"ముందరిది లేవకపోతే?"

"దాంతో పనున్నవే ఆగుతాయి సార్. మిగతావి ఎందుకాగాల?"

డ్యూటీకి బయల్దేరిన ప్రశాంతి గడపలో నిలబడిపోయింది.

"నాయనా, నేనింకా రెండేండ్లు చదువుకోవాల. పెండ్లి ఇప్పుడొద్దని ఎన్నిసార్లు చెప్పినాను? నాకోసమని చెల్లెల్నెందుకు నిలబెట్టినావు? ఈయప్ప ఆరునెల్లుగా కంప్యూటర్ కోసమే వస్తా ఉండాడనుకున్నావా?"

భానుచందర్ చెవులు ఎర్రబడ్డాయి. లోకేశ్వరి చేతిలో దారం చిక్కుపడింది.

"పెద్దది ఉండంగా చిన్నదానికి చేస్తే ఊర్లో ఏమంటారు మే?"

"అనేవాళ్లకు నేను చెప్పుకుంటాలే నాయనా."

పరంధామయ్య తెరమీద గుంపుగా పడిన వరుసలను చూశాడు. తర్వాత చిన్నకూతురి వైపు తిరిగాడు.

"నీకు ఇష్టమేనా మే?"

"ఇష్టమే నాయనా." అంత గట్టిగా అనగలనని ఆమెకే తెలియదు.

"మీ ఇల్లు యాడప్పా?"

"కొర్లగుంటలో, గుడి ఎదురుగానే సార్."

"మీ అమ్మ ఇప్పుడు ఇంట్లో ఉంటాదా?"

"ఉంటాది సార్."

పరంధామయ్య లోపలికి పోయి, పళ్లెంలో తమలపాకులు, అరటిపండ్లు పెట్టి, తెల్లటి తువ్వాలలో మూటకట్టి తెచ్చాడు. కండువా భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. ముగ్గురూ చూస్తుండగానే తిరుపతి బస్సు ఆగేవైపు నడిచిపోయాడు.