పోతురాజు కాటా

కొర్రగుడ మలుపులో ఉన్న కాఫీ గోడౌన్ దగ్గర పొద్దుపడితే జీపులు కూడా ఆగవు. తాళం వేసిన గదిలో ప్రింటర్ అర్ధరాత్రి దానంతటదే కరకరమని తూకం చీటీ కొడుతుందని చెప్పుకుంటారు. కాటా వేసే పోతురాజు కిందటేడు జీపు బోల్తాపడి పోయాడు. పోయాడే గానీ... డ్యూటీ దిగలేదట.

కంప్యూటర్లు బిగించే సురేంద్ర అక్కడ పని ఒప్పుకున్నప్పుడు చేతిలో ఉన్నది తొమ్మిది వేల రెండు వందలు. ఎనిమిది వేలు తెరా కీబోర్డూ మాత్రమే ఉండే పాత టెర్మినళ్లకీ, ప్రింటర్లకీ, సీరియల్ కేబుళ్లకీ పోయాయి. వాటన్నిటినీ, కాటానీ ఒకే కంప్యూటర్‌కి కలిపితే మిగతా ఆరు గోడౌన్ల పనీ అతనిదే. రైతు సంఘం మేనేజర్ జగన్నాథరావు పెట్టిన షరతు ఒక్కటే —

"పొద్దున్న ఆరింటికి వస్తా. అన్నీ నడవాలి, ఆ దెయ్యం చీటీలు ఆగాలి. లేదా, నీ వైర్లు చుట్టుకుని కొండ దిగు."

వాచ్‌మన్ బుధు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"రాత్రికి ఇక్కడే ఉంటావేటి, గుంటడా?"

"ఏ వైరు తేడా చేస్తోందో చూడాలి కదా తాతా."

"వైరు కాదురా... ఆడే. కరెంటు మాత్రం ఆపకు. సెమ్మకి మిషన్లు పాడైపోతాయని ఆడున్నప్పట్నుంచీ ఆపలేదు." బుధు గొంతు తగ్గించాడు. "ఆ కాగితం మాత్రం ముట్టుకోకు."

బేగి బేగి వెళ్లిపోయాడు.

మంచు కిటికీ దాకా దిగింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పలకరించే ప్రాణి లేదు. సురేంద్ర ఒక్కో కేబులూ విప్పి చూశాడు, మళ్లీ బిగించాడు. ఎక్కడా తప్పు లేదు. రెండో టెర్మినల్ ఇంకా కలపనే లేదు...

రాత్రి రెండు దాటింది.

కర్ర్... కర్ర్...

అతను గిర్రున తిరిగి చూశాడు. గదిలో తనొక్కడే. తాళం లోపల్నుంచి తనే వేశాడు. చీటీ మీద — 37.5 కిలోలు.

వైరులో తేడా ఉంటే పిచ్చి అక్షరాలు రావాలి. ఇది శుభ్రమైన అంకె. ప్రింటర్ వెనక, భయంతో ఎవరూ ముట్టని కాగితం మడతలు మడతలుగా పడి ఉంది. లాగాడు. రాత్రికొక తూకం. నెలల తరబడి నలభై నాలుగు... నలభై నాలుగు... ఆ తర్వాత నలభై మూడున్నర. నలభై ఒకటి. ముప్పై తొమ్మిది...

నలభై మూడు రాత్రుల్లో ఆరున్నర కిలోలు. రోజుకి దగ్గర దగ్గర నూట యాభై గ్రాములు.

దెయ్యం చిక్కిపోదు!

తలుపు తీశాడు. గోడ కన్నంలోంచి కేబుల్ వరండాలో కాటా దాకా పోతోంది. కాటా మీద దుప్పటి కప్పుకుని, చెప్పుల్లేకుండా... ఒక ఆడమనిషి.

"ఎవరమ్మా?"

"కనకని బాబూ. పోతురాజు పెళ్లాన్ని." ఆమె దిగలేదు. "సీజను ఆఖర్న బస్తాలన్నీ అయ్యాక నన్నూ ఎక్కించేవోడు. మా ఇంటి బస్తా అని నవ్వేవోడు. ఇప్పుడూ నేనెక్కితే లోన కరకరమంటది... ఆడు రాసుకుంటన్నట్టే ఉంటది."

మాట మధ్యలో దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

"ఎన్నాళ్లుగా ఈ దగ్గు?"

"వానలు తగ్గిన కాడ్నుంచి."

"తింటున్నావా?"

"ఒక్కదానికి పొయ్యెందుకులే, బాబూ..."

సురేంద్ర చెయ్యి కేబుల్ మీదికి వెళ్లింది. ఇది పీకేస్తే చీటీలు ఆగుతాయి. రెండో టెర్మినల్‌కి మూడు గంటలు. ఆరు గోడౌన్లు. ఈమెని అరకు ఆసుపత్రికి తీసుకెళ్లి ఆరింటికల్లా తిరిగి రావడం... ఎటు కూడినా కుదరలేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కేబుల్ అలాగే ఉంది.

మిగిలిన పన్నెండు వందలూ జేబులో తడిమి చూసుకుని, జీపు ఎవరింట్లో ఉందో అడగడానికి బుధు గుడిసె వైపు మంచులోకి దిగాడు.