నాన్న నీళ్ళ మీదున్నప్పుడు

ప్రియాంకకు అన్నిటికంటే ఎక్కువ భయం తన కూతురంటేనే. కూతురికి ఏమవుతుందోనని కాదు, ఆ భయం తల్లులందరికీ ఉండేదే. మూడేళ్ళ దీక్షిత ఏడవదు. పడినా, కాలినా, ఆకలేసినా ఏడవదు. రెప్ప వెయ్యకుండా నిలబడి చూస్తుంది. ఆ చూపు వీపుకు తగిలినప్పుడల్లా ప్రియాంకకు ఒళ్ళు జలదరించేది. ఇది నిజంగా నేను కన్న పిల్లేనా అన్న అనుమానం కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చెంపలు వేసుకుని దేవుడి పటం వైపు తిరిగేది.

బందరు పక్కన గిలకలదిండిలో, రేవుకు దగ్గరగా రెండు గదుల ఇల్లు వాళ్ళది. భర్త దుర్గాశ్రీనివాస్ ముందురోజే బోటెక్కి వేటకు వెళ్ళాడు. ఆ పొద్దున అత్తగారు కనకరత్నం వాకిట్లో పాత వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. ప్రియాంక ఒక పొయ్యి మీద టీ పెట్టి, పిల్లకు పాలు కలిపింది.

"దీక్షూ, రా తల్లీ, పాలు."

ఆ పిల్ల మాట్లాడేదే తక్కువ. పిలిస్తే వచ్చి ఎదురుగా నిలబడుతుంది, అంతే. ఈసారి అదీ లేదు.

"అత్తయ్యా, పిల్ల మీ దగ్గరుందా?"

"ఇందాక పెరట్లోకి వెళ్ళింది. అరవకు, వస్తుందిలే."

పెరట్లో ఐసు పెట్టె పక్కన దీక్షిత నిటారుగా నిలబడి ఉంది. "ఇక్కడేం చేస్తున్నావే?" అంటూ దగ్గరికి వెళ్ళిన ప్రియాంక కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పిల్ల కుడిచేతి వేళ్ళు పెట్టె మూత కింద ఇరుక్కుని ఉన్నాయి. ఆ మూత పెద్దవాళ్ళు రెండు చేతులతో ఎత్తేది. అది ఎప్పుడు పడిందో, పిల్ల అలా ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. మొహం మాత్రం గుమ్మంలో నిలబడి వీధిలో వెళ్ళేవాళ్ళను చూస్తున్నట్టు నెమ్మదిగా ఉంది.

ప్రియాంక కెవ్వుమంది. కనకరత్నం పరుగున వచ్చింది. వచ్చి ముందుగా పిల్ల వైపు కాదు, సముద్రం వైపు చూసింది.

"నోరు ముయ్యి. బోటు నీళ్ళ మీదుంది," అని, ఆ తర్వాత మూత ఎత్తింది.

బోటు నీళ్ళ మీద ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఏడుపు వినపడకూడదు. ఊరంతా పాటించేదేం కాదు, ఆ ఇంటి కట్టడి. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పింది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పిస్తే, కృత్తివెన్ను దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీస్తూ పెరిగిన పిల్ల ప్రియాంక. ఎందుకని అడగడం అలవాటు లేదు. సరేనంది.

"ఎంత ఓర్పో నా బంగారుతల్లికి," పిల్ల వేళ్ళ మీద చల్లనీళ్ళు పోస్తూ అంది కనకరత్నం. "ఈ వీధి మొత్తంలో ఇంత బుద్ధిమంతురాలు ఉందా?"

"ఇది బుద్ధి కాదత్తయ్యా. నాకు భయమేస్తోంది."

"ఎందుకే భయం? ఏడ్చి యాగీ చేస్తే బాగుండేదా?"

"ఆ. బాగుండేది."

కనకరత్నం కోడలి వైపు అదోలా చూసి, మళ్ళీ ఎండుచేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

బందరులో పిల్లల డాక్టరు స్వర్ణలత గారు వేళ్ళు ఒక్కొక్కటిగా వంచి చూశారు, ఎక్స్‌రే తీయించారు. ఎముకలు విరగలేదు. కట్టు కడుతున్నంతసేపూ దీక్షిత ఆవిడ గొలుసుకున్న చిన్న సిలువనే చూస్తూ కూర్చుంది.

"చాలా నొప్పిగా ఉండుండాలే. ఏడవలేదా?"

"ఎప్పుడూ ఏడవదండీ. ఏదో గాలి సోకిందని మా వీధిలో అంటున్నారు. తాయెత్తు కూడా కట్టించాం."

డాక్టరు గారు పిల్ల గుండె మీద స్టెత్ పెట్టారు. ఒక నిమిషం అలాగే ఉండి, గొట్టాలు తీసి ప్రియాంక చెవులకు తగిలించారు. "విను."

ఎదురుగా పిల్ల మొహం సున్నం వేసిన గోడలా ఉంది. లోపల మాత్రం ఎవరో గడియ పెట్టిన తలుపును రెండు చేతులతో బాదుతున్నారు.

"లోపల ఎవరు మేడమ్?" అనేసింది.

డాక్టరు గారు నవ్వలేదు. "నీ కూతురేనమ్మా," అన్నారు. "పసిపిల్ల ఏడుస్తుంది, ఎవరో వచ్చి ఎత్తుకుంటారు. అలా ఎన్నోసార్లు జరిగితే, భయం వచ్చినా మళ్ళీ పోతుందని దాని మెదడు నేర్చుకుంటుంది. ఏడ్చినప్పుడల్లా వేరేది జరిగితే భయం పోదు, లోపలే ఉండిపోతుంది. పైకి కనపడకూడదని మాత్రం నేర్చుకుంటుంది. ఈ పిల్ల ఏడిస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు?"

"ఎత్తుకుంటామండీ," అంది ప్రియాంక గబగబా.

అబద్ధం కాదు. ఎత్తుకునేవాళ్ళే. ఎత్తుకుని ఏం చేసేవాళ్ళో చెప్పలేదు.

"చిన్నదేగా, మారుతుంది. ఏడిస్తే ఏమీ కాదని దానికి తెలియాలి. ఒక్కరోజులో అయ్యే పని కాదు. మళ్ళీ తీసుకురా."

షేర్ ఆటోలో వస్తున్నంతసేపూ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, వీపు మీద చెయ్యి తీయలేదు. ఆ బాదుడు అరచేతికి తెలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి కట్టు తడవకుండా పిల్లకు స్నానం చేయించి, అరుగు మీద కూర్చోబెట్టి, మందుల చీటీ లోపల పెట్టడానికి వెళ్ళింది. పక్కింటి నాగమల్లి కొడుకు, నెలల పిల్లాడు, ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ ఏడుపు మధ్యలో తెగిపోయింది. ఊరుకున్న పిల్లాడి ఏడుపు అలా ఆగదు. ప్రియాంక బయటికి వచ్చింది. అరుగు మీద దీక్షిత లేదు.

పరుగెత్తి పక్కింట్లోకి వెళ్ళేసరికి, ఉయ్యాల పక్కన మునివేళ్ళ మీద నిలబడి ఉంది దీక్షిత. కట్టు ఉన్న చెయ్యి కిందికి వేలాడుతోంది. ఎడమచెయ్యి పసివాడి నోటి మీద ఉంది. నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, బొటనవేలు గడ్డం కింద పెట్టి, ఎంతో జాగ్రత్తగా మూసింది. వాడి చెవిలో గుసగుసగా చెప్తోంది.

"నాన్న నీళ్ళ మీదున్నాడు. నాన్న నీళ్ళ మీదున్నాడు."

గొంతు దీక్షితదే. ఆ మాట తీరు దానిది కాదు.

ప్రియాంక ఆ చెయ్యి లాగేసింది. పసివాడు ఊపిరి తీసుకుని గొల్లుమన్నాడు. కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చిన నాగమల్లి బిందె పక్కన పడేసి కొడుకును లాక్కుంది.

"వదినా, నీకు దణ్ణం పెడతా. ఇంకోసారి మీ పిల్లను మా గడప తొక్కనివ్వకు. దానికేదో పట్టింది."

పట్టింది. ఏం పట్టిందో ప్రియాంకకు ఇప్పుడు తెలిసింది. పిల్లను చంకనేసుకుని ఇంట్లోకి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఆ చెయ్యి మీది, అత్తయ్యా."

"ఏ చెయ్యి?" కనకరత్నం చేపల కత్తిపీట మీద నుంచి తలెత్తింది.

"పుట్టిన దగ్గర్నుంచీ ఏడ్చినప్పుడల్లా దాని నోరు మూశారు. ఇప్పుడిది పక్కింటి పిల్లాడి నోరు మూసింది. అచ్చం మీలాగే. వేళ్ళు కూడా మీ వేళ్ళలాగే పెట్టింది."

"మూస్తే? గొంతు నొక్కానా? నా కొడుకు ప్రతిసారీ ఇంటికి వస్తున్నాడా లేదా?"

"ఆయన వస్తున్నాడు. పిల్లే వెళ్ళిపోతోంది."

"పెద్ద మాటలు నేర్చావే, డాక్టరు దగ్గరికెళ్ళి."

"పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను."

"వెళ్ళు. ఒక్కటి చెప్పి వెళ్ళు. కిందటేడు వాయుగుండం పట్టి బోట్లు రాకపోతే నేను రేవులో పడి ఉన్నాను. ఇంట్లో పొద్దస్తమానం దాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నది ఎవరే?"

ప్రియాంకకు కొంగు వెనక తడి తడిగా కదిలిన ఆ చిన్న పెదవులు గుర్తొచ్చాయి. సాయంత్రానికి అవి కదలడం మానేశాయి. అమ్మయ్య, ఊరుకుంది అని తను సంతోషించింది కూడా. పిల్లను చంక దించి, తనూ గుమ్మంలోనే కూర్చుంది.

"ఎవరు పెట్టారత్తయ్యా మనకీ కట్టడి?" అంది.

కనకరత్నం చేతులు కడుక్కుంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"మాది దివిసీమ కదా. ఉప్పెనలో మా వీధిలో సగం ఇళ్ళు పోయాయి. మా నాన్న పోలేదు, తాటిచెట్టు పట్టుకుని బతికాడు. ఆ తర్వాతి ఏడు ఒక మామూలు రోజు పోయాడు. గాలి లేదు, వాన లేదు. పడవ దొరికింది, మనిషి లేడు. ఆ పొద్దున నేను ఆయన కాళ్ళు చుట్టేసుకుని ఏడ్చాను, వెళ్ళొద్దని. మా నాయనమ్మ అందరి ముందూ అంది, దీని ఏడుపే వెంటబడి తీసుకుపోయిందని."

"అప్పుడు మీరెంత?"

"పాలపళ్ళు ఊడుతున్నాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది. మళ్ళీ ఏడవలేదు. మీ మావయ్య పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా నన్ను బండరాయి అన్నారు."

ప్రియాంక మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి, అత్తగారి గుండె మీద చెయ్యి పెట్టింది. అదే బాదుడు. ఇన్నేళ్ళుగా, ఎవరూ తియ్యని తలుపు.

"అత్తయ్యా, మీకూ ఇలాగే కొట్టుకుంటోంది."

"అదెప్పుడూ అంతేగా," అంది కనకరత్నం తేలిగ్గా. తర్వాత సందేహంగా కోడలి మొహంలోకి చూసింది. "అందరికీ ఇంతే కదా?"

ప్రియాంక కాదని తల ఊపింది.

గోడకు ఆనుకుని దీక్షిత ఇద్దరినీ చూస్తోంది. కనకరత్నం చెయ్యి చాపితే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీ ఏడుపు నాన్ననేం చెయ్యదే, దీక్షూ. మా నాన్నని కూడా నేను..."

ఆవిడ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఇంట్లో ఇంకెవరో ఉన్నారనుకుని ప్రియాంక వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. నెరిసిన జుట్టున్న ఆ మనిషి నోట్లోంచి ఏడేళ్ళ ఆడపిల్ల ఏడుపు వస్తోంది, నాన్నా, నాన్నా అని. వినలేక ప్రియాంక చెవులు మూసుకోబోయింది.

దీక్షిత మాత్రం అడుగు ముందుకు వేసి, నాలుగు వేళ్ళూ చేర్చి, నాయనమ్మ నోరు మూసింది.

కనకరత్నం ఆ చేతిని పట్టుకుంది. నెమ్మదిగా పక్కకు తీసి, తన ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తూనే ఉంది. దీక్షిత ఆ తడి మొహాన్ని చూసింది, తలుపులోంచి బయటికి చూసింది, అమ్మ వైపు చూసింది. కింది పెదవి వణికింది. నోరు తెరుచుకుంది. ముందు శబ్దమే రాలేదు.

ప్రియాంక చెయ్యి దానంతటదే పైకి లేచింది. బోటు ఇంకా నీళ్ళ మీదే ఉంది. భయం ఆమెనూ వదల్లేదు. ఆ చేతిని పిల్ల నడుం చుట్టూ వేసి దగ్గరికి లాక్కుంది.

"ఏడు తల్లీ. నేనున్నాను."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరు పోయారోనని నాగమల్లి గుమ్మంలోకి వచ్చి, ముగ్గురినీ చూసి, లోపలికి వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది.

ఇది చదివిన అక్కలూ అన్నయ్యలూ, మీకో మాట. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అల్లరి చెయ్యని, ఏదీ అడగని, దెబ్బ తగిలినా నోరు విప్పని పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుని వచ్చేయకండి. ఈరోజే ఒకసారి వెళ్ళి పక్కన కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టి చూడండి.