మీగడ ఉదయం, నగ్లా

“నా ఫోల్డర్లన్నీ పసుపుపచ్చగా ఎందుకైపోయాయో కాస్త చెప్తారా?”

నాదిర్ ఫోన్ ఎత్తగానే వినపడ్డ మొదటి మాట అది. హలో లేదు, ఎలా ఉన్నారని అడగడం లేదు.

“ఎవరండీ మాట్లాడేది?”

“నగ్లా. ఉస్తా ఫిక్రీ గారమ్మాయిని. మీ రంగుల ప్రోగ్రాం పుణ్యమా అని ఇవాళ మా షోరూంలో ఒక పెళ్లి ఆగిపోయేది.”

దుమ్యాత్‌లో ఇది చిన్న మాట కాదు. ఈజిప్టులో ఏ మూల సంబంధం కుదిరినా, రెండు వైపుల వాళ్లూ పడగ్గది సెట్టు కోసం బస్సెక్కి ఈ ఊరే వస్తారు. బజారంతా మంచాలూ బీరువాలే. ప్రతి షోరూంలో ఒక కంప్యూటర్, దాన్లో మంచాల బొమ్మలు. ఆ కంప్యూటర్లన్నీ బిగించింది బజారు చివర చిన్న కొట్టు పెట్టుకున్న నాదిరే.

బిగించి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. అతనికి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసే పిచ్చి ఉంది. ఫోల్డర్లకు రంగులు వేసేది ఒకటి, గడియారం పక్కన ముస్లిం పంచాంగం లెక్కన హిజ్రీ తేదీ చూపించేది ఇంకొకటి, సిస్టం తెరవగానే మనిషిని పేరు పెట్టి పలకరించేది మరొకటి. వాటివల్ల లోకానికి ఒరిగేదేమీ లేదు. కానీ బజారంతా వాటికి అలవాటు పడింది. ఆ వారం కంప్యూటర్లన్నిటికీ కొత్త సిస్టం వచ్చి కూర్చుంది. నాదిర్ ప్రోగ్రాములు ఒక్కొక్కటే చతికిలబడ్డాయి.

“పెళ్లికీ ఫోల్డర్‌కీ ఏమిటండీ సంబంధం?” అన్నాడు నాదిర్.

“అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఆకుపచ్చ. బేరాలాడి ప్రాణం తీసేవాళ్లు ఎరుపు. నిశ్చితార్థం చెడి సెట్టు వద్దన్నవాళ్లు నలుపు. ఇప్పుడన్నీ పసుపు. పొద్దున ఒకబ్బాయి కాబోయే అత్తగారితో వచ్చాడు. పేరు చూసి ఫోల్డర్ తెరిచాను. పోయినేడాది ఇంకో అమ్మాయితో వచ్చి ఎంచుకున్న మంచం తెరనిండా కనపడింది. మీద ఆ అమ్మాయి పేరు కూడా.”

నాదిర్‌కు నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది.

“అత్తగారు ఏమన్నారు?”

“మంచం బాగుందన్నారు. అల్లుడి సంగతి ఇంటికెళ్లాక చూస్తారట. మీరు నవ్వుతున్నారా?”

“లేదండీ. రేపటికల్లా బాగుచేస్తాను.”

రేపటికి కాలేదు. కొత్త సిస్టంలో అన్నీ చోట్లు మారాయి. పాత ఇంట్లో దీపం స్విచ్చి కోసం గోడ తడుముకున్నట్టు తడుముకున్నాడు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడింది. చెడినప్పుడల్లా నగ్లా ఫోన్ చేసింది.

“ఈరోజు రంగులొచ్చాయి. కానీ ఆకుపచ్చకి బదులు ఎరుపొచ్చింది. డబ్బిచ్చిన పెద్దమనుషులందరూ పేచీకోరులైపోయారు.”

“ఈరోజు తేదీ బాగుంది. పలకరింపే బాలేదు. ‘మంచి ఉదయం, యూజర్’ అంటోంది. యూజర్ ఎవరండీ? మా షాపులో ఆ పేరుగలవాళ్లు లేరే.”

“కొత్త సిస్టం పేరు చెప్పనంటోందండీ.”

“అడగడం మీకు చేతకాలేదేమో. మర్యాదగా అడిగి చూడండి.”

రెండేళ్ల కిందట ఆ షోరూంలో కంప్యూటర్ బిగించినప్పుడు ఆమె కాలేజీలో ఉంది. నాదిర్ ఆమె మొహం చూడలేదు. గొంతే తెలుసు. ఆ గొంతు తిట్టని రోజు పని తోచడం మానేసింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఇక పలకరింపు సంగతి. దుమ్యాత్‌లో ఒకరు ‘మంచి ఉదయం’ అంటే రెండోవారు ‘వెలుగుల ఉదయం’ అనాలి. కాస్త చనువుంటే మల్లెల ఉదయం. ఇంకా చనువుంటే గులాబీల ఉదయం. ఆ మెట్లన్నీ ఎక్కాక పైన ఉండేది మీగడ ఉదయం. అది అందరినీ అనే మాట కాదు. నాదిర్ ప్రోగ్రాంలో ఈ మెట్లన్నీ ఉన్నాయి. తెర మీది పలకరింపును నొక్కినకొద్దీ అది ఒక్కో మెట్టే పైకెక్కుతుంది. జనానికి నచ్చింది అదే.

కొత్త సిస్టంలో అక్షరాలు తెర అంచుకు తగిలి తెగిపోతున్నాయి. సరిపోయిందో లేదో చూడ్డానికి పై మెట్టు మాట ఒకటి, దాని పక్కన ఒక పేరు టైపు చేసి పెట్టుకోవాలి. ఎప్పుడూ అతను పెట్టేది తన పిల్లి పేరు, బస్బూసా. ఆ మధ్యాహ్నం పిల్లి పేరు చెరిపేసి ఇంకో పేరు రాశాడు. ‘మీగడ ఉదయం, నగ్లా.’ చక్కగా సరిపోయింది. టీ తాగుతూ దానివంక చూశాడు. మళ్లీ చూశాడు. చూసి చూసి, సంతోషం మీద ఆకలి కూడా కలిసి, ఆ రాత మార్చకుండానే కొత్త ప్రోగ్రాం అందరికీ పంపేసి భోజనానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అతను టిఫిన్ పొట్లం కట్టించుకుంటుంటే పక్కన నిలబడ్డ వడ్రంగి భుజం తట్టాడు.

“మీగడ ఉదయం, నాదిర్.”

“వెలుగుల ఉదయం, హాజీ గారూ. ఏమిటివాళ ఇంత ప్రేమ?”

“ప్రేమ నాదెందుకవుతుంది? మా సిస్టం తెరిస్తే నగ్లా అంటోంది. మా వదిన సిస్టం తెరిచినా నగ్లానే. ఎదురు షోరూంలోనూ నగ్లానే. ఇంతకీ ఉస్తా ఫిక్రీ కూతురేనా, వేరే నగ్లానా?”

నాదిర్ చేతిలో పొట్లం చేతిలోనే ఉండిపోయింది. బజారు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ప్రతి తెర మీదా ఆ పేరు. అదీ పై మెట్టు మాటతో. ఒక ఆడపిల్ల పేరు పట్టుకెళ్లి తనే నడివీధిలో నిలబెట్టాడు. నేల చీలితే బాగుండుననిపించింది. దుమ్యాత్ నేల చాలా గట్టిది.

కొట్టుకు పరుగెత్తి సరిచేసిన ప్రోగ్రాం మళ్లీ పంపాడు. అది వెళ్లలేదు. నిన్న పంపిన దాన్లో కొత్తవి తెచ్చుకునే భాగమే చచ్చిపోయింది. అంటే ఏ కంప్యూటర్ దగ్గరికి ఆ కంప్యూటర్ దగ్గరికి కాళ్లతో వెళ్లి, చేత్తో తియ్యాలి.

తల పట్టుకుని కూర్చున్నాడు. గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. తల ఎత్తలేదు. నీలం పట్టీల చెప్పులు కనపడ్డాయి, వాటి మీద సన్నగా రంపప్పొడి.

“ఇంజినీరు గారు మీరేనా?”

ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడతాడు.

“నన్ను ఏమన్నా అనండి,” అన్నాడు చెప్పులవంక చూస్తూ.

“ఏమనాలో తెలిస్తే ఫోన్లోనే అనేదాన్ని. వస్తుంటే ముగ్గురు మీగడ ఉదయం అన్నారు. ఒకాయన మా నాన్న వయసువాడు. నేనేమనాలి వాళ్లని?”

“పొరపాటైంది.”

“మీకు పొరపాటు. నాకు పేరు. తీసెయ్యండి.”

“ఫోన్లో అయ్యేది కాదు. ప్రతి షాపుకీ వెళ్లాలి. మీరు కూడా వస్తే…”

“నేనెందుకండీ? నా పేరు ఇప్పటికే అన్ని షాపులూ తిరిగొచ్చింది.” ఆమె గడప వైపు తిరిగింది. “ఒకటి మాత్రం చెయ్యండి. వెళ్లిన ప్రతిచోటా యజమాని ఎదురుగా చెప్పండి. తప్పు నాది, ఆ అమ్మాయికేమీ తెలియదు అని. మీ నోటితో చెప్పండి. కంప్యూటర్ నోటితో చెప్పింది చాలు.”

నీలం చెప్పులు వెళ్లిపోయాయి. మొహం చూసే ధైర్యం అతనికి రాలేదు.

మొదటి షోరూం తావ్‌ఫీక్‌ది. నాదిర్‌తో కలిసి చదువుకున్నవాడు. నాదిర్ చెప్పలేక తడబడటం చూసి అతనే దారి చూపించాడు.

“వైరస్ అని చెప్పరా. ఎవరు కాదంటారు? ఇక్కడ వైరస్ అంటే దెయ్యం కన్నా ఎక్కువ భయం.”

సరిగ్గా అప్పుడే తావ్‌ఫీక్ తండ్రి లోపలినుంచి వచ్చాడు.

“ఏమిట్రా ఈ నగ్లా గోల?”

“వైరస్, మామా,” అన్నాడు నాదిర్.

“అదా సంగతి. మరి వైరస్‌కి ఫిక్రీ కూతురే ఎందుకు దొరికింది? ఆ పిల్ల ఎవడితోనో మాట్లాడుతుండాలి. వాడే పంపించుంటాడు.”

నాదిర్ పేరు తీసేసి బయటికొచ్చాడు. నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు పడలేదు. తన పరువు దాచుకోబోయి ఆ పిల్ల మీద ఇంకో మచ్చ వేసి వచ్చాడు. వెనక్కి తిరిగి లోపలికెళ్లాడు.

“మామా, వైరస్ కాదు. అబద్ధం చెప్పాను. ఆ పేరు రాసింది నేను. పొరపాటున అందరికీ వెళ్లింది. తప్పు నాది, ఆ అమ్మాయికేమీ తెలియదు. నా మొహం కూడా ఆమెకు ఇవాళ పొద్దుటిదాకా తెలియదు.”

పెద్దాయన అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

“మొహం కూడా తెలియకుండానే మీగడ దాకా వెళ్లావా? కాస్త నెమ్మదిగా వెళ్లాల్సింది, బాబూ.”

ఆ తర్వాత ఒక్కో షాపూ ఒక్కో పరీక్షే. వరస మొత్తం అదే మాట చెప్పుకుంటూ పోయాడు. ఒకాయన కొత్త మంచం మీద కూర్చోబెట్టి, “ఎగిరి చూడు, స్ప్రింగులు నీకు సరిపోతాయో లేదో,” అన్నాడు. ఇంకొకాయన బీరువా తలుపు తీసి, “నీ చొక్కాలు ఇటు, అమ్మాయివి అటు,” అని చూపించాడు. పాలిషు వేసే ఆవిడ అయితే, “మా ఆయన ఇరవయ్యేళ్లలో నాతో మల్లెలు కూడా దాటలేదు. ఆ మీగడ పక్కన నా పేరు పెట్టు నాయనా, ఆయనే అన్నాడనుకుంటాను,” అంది.

నాదిర్ చెవులు సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి. ఎక్కడా ఎదురు మాట్లాడలేదు. జనం తన మీద నవ్వినకొద్దీ ఆమె పేరు వాళ్ల నోళ్లలోంచి జారిపోతోందని మధ్యాహ్నానికి అర్థమైంది. అది ఒక్కటే ఊరట.

చివరికి ఉస్తా ఫిక్రీ షోరూం మిగిలింది. కావాలనే చివరికి ఉంచుకున్నాడు. ఉస్తా అంటే ఆ ఊళ్లో చేతిపని బాగా తెలిసినవాడు. ఫిక్రీ చెక్కిన గులాబీలను ముట్టుకుని చూడ్డానికి జనం దూరాలనుంచి వస్తారు. నాదిర్ కొట్టు పెట్టిన కొత్తలో మొదటి పని ఇచ్చింది ఆయనే. ఆయనకే ఇలా చేశానే అని నాదిర్ గడప దగ్గరే ఆగిపోయాడు.

“రా,” అన్నాడు ఫిక్రీ, టీ గ్లాసు పక్కన పెట్టి.

“ఉస్తా, తప్పు నాది. మీ అమ్మాయికేమీ తెలియదు.”

“విన్నాను. నువ్వు ఇక్కడికి రాకముందే బజారంతా వచ్చి చెప్పింది. కూర్చో. ఒకటడుగుతాను. పంపడం పొరపాటు. రాయడం కూడా పొరపాటేనా?”

నాదిర్ నేలవంక చూశాడు. అవునంటే అయిపోతుంది. లేచి ఇంటికి పోవచ్చు. పొద్దున వైరస్ అన్నంత తేలిక. లోపలి గది తలుపు దగ్గర నీలం పట్టీల చెప్పులు కదలకుండా ఉన్నాయి.

“కాదు, ఉస్తా. రాసినప్పుడు తెలిసే రాశాను. ఆ మాట అనే హక్కు నాకు లేదని కూడా తెలుసు.”

ఫిక్రీ లోపలి తలుపువంక ఒకసారి చూశాడు.

“మా ఇంట్లో మీగడ ఉదయం అనేది నగ్లా తల్లి,” అన్నాడు. “ఆవిడ పోయాక నేను మంచి ఉదయం అంటాను. ఇది వెలుగుల ఉదయం అంటుంది. ఎవరి పని వాళ్లం చూసుకుంటాం. ఇవాళ పొద్దున ఆ మిషను ఆ మాట అనగానే ఇది నవ్వింది. నేను చూశాను. తర్వాత ఊరంతా అనేసరికి ఏడ్చింది. అదీ చూశాను. నవ్వు చూసినప్పుడు నీకు టీ ఇద్దామనుకున్నాను. ఏడుపు చూసినప్పుడు నీ చెయ్యి విరగ్గొడదామనుకున్నాను.”

“విరగ్గొట్టండి, ఉస్తా.”

“మిషను ఎవరు బాగుచేస్తారు మరి? తీసెయ్ ఆ రాత. అది తెరల మీద రాసుకునే మాట కాదు. అనదలుచుకున్నవాడు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నా ఇంటికి రావాలి. మీ అమ్మ టీలో చక్కెర ఎంత వేసుకుంటుంది?”

“మూడు చెంచాలు,” అన్నాడు నాదిర్. ఆ పేరు తీసి, సిస్టం ఆపి మళ్లీ తెరిచాడు. ‘మంచి ఉదయం, ఫిక్రీ’ అంది తెర. ఫిక్రీ దాన్ని చూసి తలూపి, టీ చెప్పి వస్తానని బయటికి వెళ్లాడు. టీ కొట్టు పక్కనే ఉంది. ఆయన మాత్రం దూరంగా ఉన్న కొట్టుకు బయల్దేరాడు.

చెప్పులు దగ్గరికొచ్చాయి.

“మీ పరీక్షలకి ఎప్పుడూ పిల్లి పేరే పెడతారటగా. తావ్‌ఫీక్ చెప్పాడు.”

“పెట్టేవాణ్ని. మీరు ఫోన్ చేసేదాకా.”

“పాపం పిల్లి.” తర్వాత మెల్లగా అంది. “పొద్దున ముందు మా ఒక్క షాపులోనే అనుకున్నాను. సంతోషపడ్డాను. అందరికీ వెళ్లిందని తెలిశాక, ఎందుకు సంతోషపడ్డానా అని సిగ్గేసింది. మీ మీద కోపం సగం అందుకే.”

“ఆ సిగ్గు కూడా నాకే ఇచ్చేయండి. ఎలాగూ నా దగ్గర చాలా ఉంది.”

ఆమె నవ్వు వినపడింది.

“వెలుగుల ఉదయం, ఇంజినీరు గారూ.”

“పొద్దుపోయిందండీ.”

“పొద్దున పలకరించి ఇప్పుడొచ్చింది మీరు. నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. పైన ఇంకా మల్లెలున్నాయి, గులాబీలున్నాయి. మీగడ సంగతి మీ అమ్మగారు వచ్చాక చూద్దాం. అంతదాకా మీ ఫోల్డర్‌కి రంగు మార్చకండి.”

“నాకు ఫోల్డర్ ఉందా?”

“ఉంది. పొద్దున నలుపు పెట్టాను. ఇందాక నాన్నగారికి మీరు చెప్పింది విని ఆకుపచ్చ చేశాను.”

పొద్దుటినుంచి నేల చూసి చూసి మెడ పట్టేసింది నాదిర్‌కు. చెవులింకా ఎర్రగానే ఉన్నాయి. అయినా తల ఎత్తి, మొదటిసారి ఆమె మొహం చూశాడు.