ఖాళీ గడికీ ఒక పుల్ల

మా ఆఫీసు చేపల రేవుకి ఎదురుగా ఉంటుంది. కిటికీ తెరిస్తే సముద్రసింహాల అరుపులు, మూస్తే గదిలో చిక్కుకున్న వాటి కంపు. వేసవిలో మా ఊరు మార్ దెల్ ప్లాతాకి వచ్చి ఇసుకలో పొర్లి వెళ్ళిపోయేవాళ్ళకి ఈ రేవు సంగతి పట్టదు. వాళ్ళు తిన్న చేప ఎక్కడ గడ్డకట్టిందో కూడా తెలియదు. అది మా శీతల గిడ్డంగిలో గడ్డకట్టింది.

అక్కడ నేను మాన్యువల్స్ రాస్తాను. ఏ వాల్వు ఎటు తిప్పాలి, ఏ పంపు ఎప్పుడు ఆపాలి, ఇలాంటివి. నా పేరు మైతేనా. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "టైపు కొడుతుంది" అంటుంది. అందులో పెద్ద తప్పేమీ లేదు.

మా పట్టికలు గళ్ళు గీసి నింపేవి కావు. అంతా సాదా అక్షరాల ఫైలు. ప్రతి గడికి ముందు ఒక నిలువు గీత పెట్టాలి. ఆ గీతని మేమంతా పుల్ల అంటాం. పట్టికకి మూడు శీర్షికలని పైన చెబితే చాలు, ప్రోగ్రాం ఆ పుల్లల్ని మూడేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ పేజీ కట్టేస్తుంది. మన ఉద్దేశం ఏమిటో దానికి అనవసరం. మధ్యలో ఒక పుల్ల తగ్గిందా, వెనకున్నవాళ్ళంతా తలో గడి ముందుకి జరుగుతారు, రొట్టెల కొట్టు దగ్గర వరుసలోంచి ఒకడు తప్పుకుంటే మిగతావాళ్ళు జరిగినట్టు. చివరి వరుస నిండకపోతే ఆ వరుసనే పారేస్తుంది. గోల కూడా చెయ్యదు. ఎక్కడో కింద చిన్న హెచ్చరిక రాసి ఊరుకుంటుంది.

"అందుకే అమ్మాయ్, ఖాళీ గడికి కూడా పుల్ల పెట్టాలి," అని నేను చేరిన రోజే దోన్యా జులేమా చెప్పింది. పెద్దావిడల్ని మేము దోన్యా అని పిలుస్తాం; నా ఎదురు బల్ల ఆవిడదే. ఆ పని నాకు నేర్పింది ఆవిడే.

పుల్ల అని పేరు పెట్టింది మాత్రం అన్సెల్మో. యంత్రాల గదిలో పనిచేసేవాడు, భారీ మనిషి. విరామం దొరికితే మా గదికి వచ్చి కూర్చునేవాడు. జులేమా ఎండిన సొరకాయ బుర్రలో మాతే ఆకు వేసి, వేణ్ణీళ్ళు పోసి అందిస్తుంటే, గొట్టంతో పీలుస్తూ నా తెర వైపు వంగి చూసేవాడు. ఆయన కంటే ముందు ఆయన బట్టల అమ్మోనియా వాసన వచ్చేది. జుట్టుకి రంగు వేసుకునేటప్పుడు ముక్కుకి కొట్టే ఘాటు లాంటిది.

"పొద్దస్తమానం కూర్చుని పుల్లలు పెట్టడమేనా మీ ఉద్యోగం?" అనేవాడు.

"మనుషుల మధ్య పెట్టట్లేదుగా, సంతోషించు," అనేది జులేమా.

ఒకసారి పుల్ల ముందు రెండు అంకె, దాని పక్కన కూడిక గుర్తు చూసి ఇదేంటని అడిగాడు.

"అది పెడితే గడి వెడల్పవుతుంది. పక్క గడిని కూడా కలిపేసుకుంటుంది," అన్నాను.

"అయితే నా గడికి అది పెట్టు తల్లీ. నేనెలాగూ ఒక గడిలో పట్టను." పొట్ట మీద చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది.

పోయిన చలికాలం అన్సెల్మో చనిపోయాడు.

మా పట్టికలన్నిటిలో ముఖ్యమైనది అన్నిటికంటే చిన్నది. గిడ్డంగిని చల్లబరిచే అమ్మోనియా కారి అలారం మోగితే ఎవరెక్కడ ఉండాలో చెప్పేది. మూడు శీర్షికలు: లోపలికి, తలుపు, ఫోను. కింద ఉత్త పేర్లు. పై వరుస ఉదయం వాళ్ళది, మధ్యది సాయంత్రం వాళ్ళది, కిందది రాత్రి వాళ్ళది. మొదటి మనిషి గ్యాసు ముసుగు తగిలించుకుని వాల్వు మూయడానికి లోపలికి వెళ్ళాలి. రెండో మనిషి తలుపు వేసి బయట నిలబడాలి, లోపలివాడు తడితేనే తెరవాలి. మూడో మనిషి అగ్నిమాపక దళానికి ఫోను చెయ్యాలి. సాయంత్రం వరుసలో అన్సెల్మో, లౌతారో, రోకే ఉండేవాళ్ళు.

లౌతారో నా తమ్ముడు.

ఆ రోజు అన్సెల్మో లోపలికి వెళ్ళాడు. తలుపు మాత్రం తట్టలేదు. దళం వచ్చేదాకా లౌతారో అక్కడే నిలబడి ఉన్నాడు, తడతాడేమోనని. ముసుగు పాడైపోయిందని తర్వాత తేలింది. చాలాకాలం వాడు నిద్రలో లేచి గోడకి చెవి ఆనించి వినేవాడు.

అంత్యక్రియలు అయిన మర్నాడు జులేమా పట్టికలో ఆ పేరు చెరిపి, పుల్ల ఉంచేసింది. "కొత్త మనిషిని ఇచ్చేదాకా ఈ గడి ఖాళీ. ఇక్కడ పేరు లేకపోతే లోపలికి ఎవడూ వెళ్ళడు. దళం వాళ్ళే వచ్చి లోపలికి వెళ్తారు," అంది. కంపెనీ కొత్త మనిషిని ఇవ్వలేదు. గడి ఖాళీగానే ఉండిపోయింది. నా తమ్ముడు తలుపు బయటే ఉంటున్నాడు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఈ ఏడు మళ్ళీ చలికాలం వచ్చాక, జూలైలో ఒక రోజు ఆగ్నేయపు గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నమే దీపాలు వెయ్యాల్సివచ్చింది. రేవులో పడవలు ఒకదాన్నొకటి రాసుకుని మూలుగుతున్నాయి. సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు ఎక్కాక ఇంజనీరు పెజ్జానో కారు తాళాలు ఆడించుకుంటూ మా గుమ్మంలో ఆగాడు.

"అలారం పట్టికలో ఆ బొక్కేమిటండీ? పళ్ళూడిన నోరులా ఉంది. రేపు తనిఖీకి వస్తున్నారు."

"మనిషిని ఇవ్వండి, నింపుతాం," అంది జులేమా, తల ఎత్తకుండా.

"మీకెందుకు శ్రమ? నేనే నా గదిలో కూర్చుని తీసేశా." నవ్వి, బ్యూనస్ ఐరిస్ వెళ్ళాలని చెప్పి, వానలోకి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం ఒకేసారి ఫైలు తెరిచాం. ఖాళీ గడిని తీసేస్తున్నాననుకుని ఆ మహానుభావుడు పుల్లని కూడా లాగేశాడు. పేజీలో లోపలికి అన్న చోట లౌతారో. తలుపు దగ్గర రోకే. ఫోను దగ్గర రాత్రి షిఫ్ట్ వాడి పేరు. ఆ వేళకి వాడు ఇంట్లో దుప్పటి కింద ఉంటాడు. రాత్రి వాళ్ళ వరుస అసలే లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని జులేమా గొణిగింది. "పెట్టెయ్ అమ్మాయ్, పుల్ల పెట్టెయ్."

పెట్టాను. సేవ్ చేసి బిల్డ్ కొట్టాను. బిల్డ్ అయితే యంత్రాల గది తలుపు పక్కనున్న తెర మీద కూడా పట్టిక మారిపోతుంది.

పేజీ వచ్చింది. లోపలికి: లౌతారో.

ఫైలు చూశాను. పుల్ల లేదు.

సేవ్ కాలేదేమో అనుకున్నాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేదు. ఆ ఇంజనీరే అవతల కూర్చుని తీసేస్తున్నాడని ఒళ్ళు మండి ఫోను చేశాను.

"నేను దారిలో ఉన్నానమ్మా! లాప్‌టాప్ డిక్కీలో ఉంది. ఏమైంది?" వెనకాల వైపర్ల చప్పుడు వినబడింది. నేను ఫోను పెట్టేశాను.

ఈసారి ఇద్దరం తెరకి దగ్గరగా జరిగాం. పుల్ల పెట్టి కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. గీత నిలబడింది. ఒక క్షణం... రెండు... అది సన్నగా వణికింది. ఎవరో వేళ్ళతో పట్టుకుని లాగినట్టు, పోయింది.

అప్పుడు తెలిసింది, ఎప్పుడూ సన్నగానైనా వినబడే సముద్రసింహాల అరుపులు ఆగిపోయాయి. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. యంత్రాల గది ఆవరణకి అవతల ఎక్కడో ఉంది. అయినా ముక్కుకి ఆ ఘాటు తగిలింది. వాసన మా ఇద్దరి మధ్య, అన్సెల్మో కూర్చునే కుర్చీ దగ్గర ఎక్కువగా ఉంది.

"దోన్యా జులేమా..." అన్నాను.

"మాట్లాడకు," అని గుసగుసలాడింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "ఆ గడిలో ఉండి ఉండి విసిగిపోయాడు. ఇంకొకణ్ణి లోపల కూర్చోబెడితే గానీ తను బయటికి రాలేడు."

"నా తమ్ముడినా?"

ఆవిడ సమాధానం చెప్పేలోపు అలారం మోగింది.

తలుపు వైపు పరిగెత్తాను. అలారం మోగితే ఆవరణ గేటు దానంతటదే మూసుకుపోతుంది. ఆ నియమం మాన్యువల్‌లో రాసింది నేనే. వానలో తడుస్తూ ఆ ఇనుప ఊచలు పట్టుకుని లౌతారో అని అరిచాను. గాలి నా మాట నాకే వినబడనివ్వలేదు. వెనక్కి పరిగెత్తి తలుపు దగ్గరి ఫోనుకి చేశాను. పట్టిక ఎలా ఉన్నా రోకే అలవాటుగా దళంతో మాట్లాడుతున్నట్టున్నాడు, ఎంతకీ కలవలేదు. లౌతారో ఆ తెర చూస్తాడు. ముందు తన పేరు చూస్తాడు. వాడు పట్టికని కాదనేవాడు కాదు, నేను రాశానని వాడికి గురి.

"ఖాళీగా పెడితే లాగేస్తున్నాడు..." అన్నాను. "పేరు పెడితే?"

జులేమా నా వైపు చూసింది. "పెట్టు."

పుల్ల పెట్టాను. పక్కన అన్సెల్మో అని కొట్టాను. వేళ్ళు తడిగా ఉండి రెండుసార్లు తప్పు పడింది. బిల్డ్.

నిలబడింది.

లోపలికి: అన్సెల్మో. తలుపు: లౌతారో. ఫోను: రోకే. రాత్రి వాళ్ళ వరుస తిరిగొచ్చింది. గదిలో ఘాటు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఎవరో లేచి బయటికి వెళ్ళినట్టు...

బల్ల మీద ఫోను మోగింది.

"అక్కా." లౌతారో గొంతు చాలా సన్నగా ఉంది. "తెర మీద ఆ పేరు నువ్వు పెట్టావా?"

"ఒరేయ్, ఎక్కడున్నావు?"

"తలుపు బయట. ముసుగు తగిలించుకున్నాను, నా పేరే ఉందిగా. తల ఎత్తేసరికి మారిపోయింది. ఇంతలో ఎవరో నన్ను దాటుకుని లోపలికి వెళ్ళారు."

"ఎవరు?"

"ముసుగులో ఉన్నాడు. లావుగా ఉన్నాడు." వాడు తలుపుకి చెవి ఆనించినట్టున్నాడు. "గ్యాసు మోత ఆగిందక్కా. వాల్వు మూసేశాడు."

నేను ఏడుస్తున్నానని జులేమా చెయ్యి నా భుజం మీద పడ్డాకే తెలిసింది. అప్పుడు ఫోన్లో ఆ చప్పుడు విన్నాను. ఇనుప తలుపు మీద మెత్తగా... టక్. టక్.

"తడుతున్నాడు," అన్నాడు లౌతారో.

"తెరవకు."

"తడితే తెరవాలి. నా పని అదే. ఆ రోజంతా ఎదురుచూశానక్కా, తట్టలేదు. ఇప్పుడు తడుతున్నాడు."

"నీకు దణ్ణం పెడతాను, నాయనా. తెరవకు..."

టక్. టక్. టక్. ఆ వెనకాల ఎక్కడో సైరన్ దగ్గరవుతోంది. గొళ్ళెం చప్పుడు వినబడలేదు. సైరన్ పెద్దదై, మనుషుల కేకలు వినబడేదాకా నేను తెరవకు, తెరవకు అంటూనే ఉన్నాను.

దళం వాళ్ళు తెరిచారు. లోపల ఎవరూ లేరు. వాల్వు మాత్రం బిగించి ఉంది. లౌతారో తగిలించుకున్నది తప్ప ముసుగులన్నీ వాటి కొక్కేలకే ఉన్నాయి.

మర్నాడు ఎండ కాసింది. సముద్రసింహాలు ఏమీ ఎరగనట్టు మళ్ళీ అరుస్తున్నాయి. పెజ్జానో ఫోను చేసి, చచ్చిపోయినవాడి పేరు పట్టికలో ఏమిటని చిందులు తొక్కాడు. "దాన్ని తీయాలంటే ముందు నన్ను తీసెయ్యండి," అని జులేమా పెట్టేసింది. ఆ తర్వాత ఆయన పట్టిక జోలికి రాలేదు. ఇవాళ సెలవు పెట్టరా అని లౌతారోని బతిమాలాను. వాడు నవ్వాడు, చాలాకాలానికి.

"నా పేరు తలుపు దగ్గర ఉందిగా అక్కా. తలుపంటే బయటే కదా," అని భోజనం డబ్బా తీసుకుని వెళ్ళాడు.

వాడి షిఫ్ట్ మొదలవబోతుంటే, ఒకసారి చూసి నిమ్మళపడదామని పేజీ తెరిచాను.

మధ్య వరుసలో లోపలికి, తలుపు అన్న రెండు శీర్షికల కింద ఒకటే పొడవాటి గడి ఉంది. మధ్యలో గీత లేదు. అందులో రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. అన్సెల్మో లౌతారో.

ఫైలు తెరిచాను. అన్సెల్మో పుల్లకి ముందు రెండు అంకె, దాని పక్కన కూడిక గుర్తు. లౌతారో ముందుండాల్సిన పుల్ల లేదు. ఇవేవీ నేను చెయ్యలేదు. జులేమా తన బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా మధ్యనున్న కుర్చీ వైపు చూస్తోంది.

కింద హెచ్చరికల చోటు వెతికాను. ఒక్కటి కూడా లేదు. లెక్క సరిపోయింది.